స్వర్ణ సబ్-1 వడ్ల రంగు ఎందుకు మారింది? కణంలోని పోగులను కొలిచిన హాల్డేన్ జీవితం

నాగావళి, వంశధార పొంగితే మునిగే పల్లపు పొలం మీకుంటే స్వర్ణ సబ్-1 పేరు వినే ఉంటారు. ఆ విత్తనం సంచి మొదటిసారి విప్పినప్పుడు ఒక అనుమానం వస్తుంది. స్వర్ణ వడ్లకు బంగారు ఛాయ ఉంటుంది. సబ్-1 వడ్లు మామూలు ఎండుగడ్డి రంగులో ఉంటాయి. పేరు స్వర్ణ, రంగు వేరు. ఎవరో ఏదో కలిపేశారనుకుని సంచి తిప్పి పంపేద్దామనిపిస్తుంది. రంగు ఒక్కటే చూసి ఆ పని చేయకండి. ఆ రకం వడ్ల రంగే అంత.

ముంపును తట్టుకునే గుణం ఒక్కటే తెచ్చిపెట్టాలని శాస్త్రవేత్తలు చూశారు. దాని పక్కనే ఉన్న పొట్టు రంగు గుణం కూడా వెంట వచ్చేసింది. పక్కన అంటే ఎక్కడ? గుణాలకు పక్క, దూరం అనేవి ఉంటాయా? ఉంటాయి. ఆ దూరాన్ని కొలిచే లెక్క కట్టినవారిలో ముందు చెప్పుకోవలసిన మనిషి జె.బి.ఎస్. హాల్డేన్. ఇంగ్లండులో పుట్టి, భారత పౌరుడిగా భువనేశ్వర్‌లో కన్నుమూశారు. విజయనగరంలో చదువుకున్న ఒక తెలుగు కుర్రవాడు ఆయన దగ్గర శిష్యరికం చేశాడు. ఆయన కథ తెలిస్తే విత్తనం కొనేటప్పుడు, దాచేటప్పుడు ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో మీకే తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు పోగుల సంగతి

వరి ఆకు ఒకటి తుంపి చూడండి. అందులో కంటికి కనపడని కణాలు లెక్కలేనన్ని. ప్రతి కణంలో కేంద్రకం అనే చిన్న గది ఉంటుంది. అడ్డంగా కొలిస్తే మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు. ఆ మొక్క ఎత్తు, గింజ సన్నం, పంట కాలం, తెగులుకు లొంగడం, లొంగకపోవడం, వీటికి సంబంధించిన రాత అంతా ఆ గదిలోనే డీఎన్ఏ అనే సన్నటి పోగుల మీద ఉంటుంది. వరికి అలాంటి పోగులు 24. అన్నిటినీ చాపి ఒకదాని చివర ఒకటి పెడితే జానెడు దాటుతుంది.

అంత పొడుగు పోగు అంత చిన్న గదిలో చిక్కుపడకుండా ఎలా ఇమిడింది? పొందూరు వైపు వారికి ఇది వింత కాదు. వడికిన సన్న నూలును కుప్పగా పడేస్తే ఎవరూ విప్పలేరు. కదురుకు చుట్టి, చిలపలు కట్టి పెడితే ఎంత నూలైనా చిన్న బుట్టలో పడుతుంది. కణం చేసేదీ అదే. హిస్టోన్లు అనే మాంసకృత్తుల ఉండలుంటాయి. ఒక్కో ఉండ మీద డీఎన్ఏ పోగు రెండు చుట్లకు కాస్త తక్కువగా తిరిగి, పక్క ఉండకు పోతుంది. చూడ్డానికి పూసల దండలా ఉంటుంది. ఆ దండ మళ్ళీ మడతలు పడుతుంది. కణం రెండుగా చీలే వేళకు మడతలు బాగా బిగిసి, సూక్ష్మదర్శినిలో పొట్టి పుల్లల్లా కనిపిస్తాయి. వాటినే క్రోమోజోములంటారు. చుట్టు వదులుగా ఉన్న చోట రాతను కణం చదువుకోగలదు, బిగుతుగా ఉన్న చోట చదవలేదు. వేరుకణంలోనూ ఆకుకణంలోనూ ఉన్నది ఒకే రాత అయినా ఒకటి వేరుగా, ఒకటి ఆకుగా పనిచేయడానికి ఇది ఒక కారణం.

మొక్కజొన్నకు 20, కొబ్బరికి 32, చోడికి 36, వేరుశనగకు 40, మనిషికి 46, ఆవుకు 60 క్రోమోజోములుంటాయి. లెక్క ఎక్కువైతే గొప్ప అని కాదు, ఆ లెక్కన ఆవు మనకన్నా పైనుంటుంది. ఇవన్నీ జతలుగా ఉంటాయి. జతలో ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది. వరిలో 12 జతలు.

ఉండల మీద పోగు చుట్టుకునే సంగతి 1974లో గాని తేలలేదు. అప్పటికి హాల్డేన్ పోయి పదేళ్ళు. ఆయన పోగును విప్పి చూడలేదు. పుట్టిన పిల్లలను లెక్కపెట్టి, ఆ లెక్క నుంచి పోగు మీద గుణాల వరస ఎలా ఉందో చెప్పారు.

బొగ్గు గనిలో చదువు

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ఊపిరి, గాలి, విషవాయువుల మీద పనిచేసిన పేరున్న శాస్త్రవేత్త. గనుల్లో ప్రమాదం జరిగితే ఏ వాయువు మనుషులను చంపిందో తేల్చడం ఆయన పని. విషవాయువును పసిగట్టడానికి గనిలోకి చిన్న పిట్టలను తీసుకెళ్ళమని చెప్పింది ఆయనే. కొడుకును కూడా వెంట గనుల్లోకి దింపేవారు. ఒకసారి మీథేన్ చేరిన చోట నిలబెట్టి, నాటకంలోని ఒక ఉపన్యాసం అప్పజెప్పమన్నారు. కాసేపటికి పిల్లవాడి కాళ్ళు తేలిపోయి కింద పడ్డాడు. నేల దగ్గర మంచి గాలి ఉంది, తేరుకున్నాడు. మీథేన్ గాలికన్నా తేలికని ఇక మరిచిపోయే అవకాశం లేదు.

మన పాత బావుల్లో సంగతి దీనికి తిరగబడి ఉంటుందని ఇక్కడే చెప్పాలి. అక్కడ చేరే బొగ్గుపులుసు వాయువు గాలికన్నా బరువు, అడుగునే ఉంటుంది. వాడకం లేని బావిలోకి పూడిక తీయడానికి నేరుగా దిగకండి. దీపం దించితే ఆరిపోయిందంటే మనిషి కూడా బతకడు. ఒకరు పడిపోతే వెంటనే రెండోవారు దిగడం వల్లే ఎక్కువ ప్రాణాలు పోతున్నాయి.

ఎనిమిదేళ్ళ వయసులో, 1901లో, తండ్రి ఆ పిల్లవాడిని డార్బిషైర్ అనే శాస్త్రవేత్త ఉపన్యాసానికి తీసుకెళ్ళారు. బఠాణీ మొక్కల మీద మెండెల్ చేసిన పని మరుగున పడి, అంతకు ముందు ఏడే మళ్ళీ వెలుగులోకి వచ్చింది. పొడుగు మొక్కను పొట్టి మొక్కతో సంకరం చేస్తే మొదటి తరమంతా పొడుగే, రెండో తరంలో మూడు పొడుగుకు ఒకటి పొట్టి. మెండెల్ లెక్కలో ఒక గుణానికి ఇంకో గుణంతో పొత్తు లేదు. దేని దారి దానిది.

హాల్డేన్, ఆయన చెల్లెలు నయోమి ఇంట్లో గినీ పందులను, తర్వాత ఎలుకలను పెంచడం మొదలుపెట్టారు. డార్బిషైర్ అచ్చువేసిన ఎలుకల లెక్కలు చదువుతుంటే హాల్డేన్‌కు ఒకటి తట్టింది. బొచ్చు తెల్లగా ఉండే గుణం, కంటి రంగు పలచబడే గుణం విడివిడిగా రావడం లేదు. కలిసి వస్తున్నాయి, అప్పుడప్పుడు మాత్రమే విడిపోతున్నాయి. వేరేవారి లెక్కల మీద ఆధారపడడం ఇష్టం లేక చెల్లెలు, స్నేహితుడు స్ప్రంట్‌తో కలిసి సొంతంగా ఎలుకలను పెంచి చూశారు. ఇంతలో 1914 యుద్ధం వచ్చింది. స్ప్రంట్ యుద్ధంలో చనిపోయాడు. హాల్డేన్ స్కాట్లండ్ పటాలంలో చేరి ఫ్రాన్సు కందకాలకు వెళ్ళారు. ఆ పత్రం 1915లో ముగ్గురి పేర్లతో వచ్చింది. పాలిచ్చే జంతువుల్లో రెండు గుణాలు ఒకే పోగు మీద ఉన్నాయని చూపిన మొదటి పత్రం అది.

హాల్డేన్ చదివింది గణితం, ఆ తర్వాత గ్రీకు, లాటిన్. సైన్సులో ఆయనకు డిగ్రీ లేదు.

దూరం లెక్క

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పుప్పొడి, అండం తయారయ్యే వేళ తల్లి నుంచి వచ్చిన పోగు, తండ్రి నుంచి వచ్చిన పోగు పక్కపక్కన చేరతాయి. అక్కడక్కడ తెగి, దీని ముక్క దానికి, దాని ముక్క దీనికి అతుక్కుంటాయి. ఎర్ర నూలు, తెల్ల నూలు పక్కపక్కన పెట్టి కత్తెరతో ఒకచోట కోసి, ముక్కలు మార్చి ముడివేసినట్టు. ఎర్ర పోగు మీద రెండు ముడులు దూరదూరంగా ఉంటే కత్తెర వాటి మధ్య పడే అవకాశం ఎక్కువ. బాగా దగ్గరగా ఉంటే వాటి మధ్య పడడం అరుదు. అంటే రెండు గుణాలు ఎంత తరచుగా విడిపోతున్నాయో లెక్కపెడితే పోగు మీద వాటి మధ్య ఎంత దూరమో తెలిసిపోతుంది.

పండు ఈగల మీద ఈ పని అమెరికాలో మోర్గన్ బృందం మొదలుపెట్టింది. 1919లో హాల్డేన్ ఆ దూరానికి కొలమానం పెట్టి, మోర్గన్ పేరే దానికి ఇచ్చారు. నూరు సంతానంలో ఒకదానిలో విడిపోయేంత దూరం ఒక సెంటిమోర్గన్. ఇవాళ విత్తన పరిశోధన కేంద్రాల్లో వాడేది ఈ కొలతే.

ఇందులో ఒక చిక్కుంది, దాన్ని విప్పడమే హాల్డేన్ గొప్ప. వంశధారను ఒకసారి దాటినవాడు అవతలి గట్టున ఉంటాడు. రెండుసార్లు దాటినవాడు మళ్ళీ ఇవతలి గట్టునే కనిపిస్తాడు, అసలు దాటనేలేదనుకుంటాం. పోగు కూడా రెండు గుణాల మధ్య రెండు చోట్ల తెగి అతుక్కుంటే, ఆ రెండూ విడిపోనట్టే కనిపిస్తాయి. కాబట్టి దూరంగా ఉన్న గుణాల మధ్య ఉత్త లెక్క తక్కువ చూపిస్తుంది. ఎంత దూరమున్నా నూటికి 50 మించి విడిపోయినట్టు కనపడవు. కనపడని ఆ దాటుళ్ళను కూడా కలిపి అసలు దూరం చెప్పే సూత్రం ఆయన కట్టారు. అది ఇప్పటికీ ఆయన పేరుతోనే వాడుకలో ఉంది.

ఇక స్వర్ణ సబ్-1

ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్ 13ఎ అనే పాత వరి రకం రెండు వారాల ముంపును తట్టుకుంటుంది. దిగుబడి మాత్రం తక్కువ. ఆ ముంపు గుణం వరి తొమ్మిదో క్రోమోజోము మీద ఉందని కనిపెట్టి దానికి సబ్-1 అని పేరు పెట్టారు. మారుటేరులో పుట్టిన స్వర్ణకు, అంటే ఎంటీయూ 7029కు, ఈ గుణాన్ని ఎక్కించాలి. సంకరం చేసి, వచ్చిన మొక్కలను మళ్ళీ మళ్ళీ స్వర్ణతోనే కలుపుతూ పోయారు. ప్రతి తరంలోనూ పోగు మీద గుర్తులను చూసి, సబ్-1 ఉండి మిగతాది వీలైనంత స్వర్ణగా ఉన్న మొక్కలనే ఉంచారు. ఆ గుర్తుల మధ్య దూరాలను కొలిచేది సెంటిమోర్గన్లలోనే. మన దేశంలో ఈ రకం 2009లో విడుదలైంది.

స్వర్ణ పొట్టుకు బంగారు ఛాయ రాకుండా ఆపే జన్యువు సబ్-1కు చాలా దగ్గరలో ఉంది. అంత దగ్గర ముడుల మధ్య కత్తెర పడలేదు. అందుకే ముంపు గుణంతో పాటు గడ్డి రంగు కూడా వచ్చింది. బియ్యం స్వర్ణ బియ్యంలాగే ఉంటాయి. నిజానికి ఈ రంగు మీకు ఉపయోగమే. సబ్-1 అని కొన్న సంచిలో బంగారు రంగు వడ్లు కలిసి ఉంటే మామూలు స్వర్ణ కలిసిందేమోనని అప్పుడు అనుమానించాలి.

ఈ రకం గురించి అతిగా ఆశపడొద్దు. సబ్-1 ఉన్న మొక్క నీటి అడుగున పెరగడం ఆపి, ఉన్న శక్తిని దాచుకుని, నీరు తీశాక మళ్ళీ చిగురిస్తుంది. నాట్లు కుదురుకున్నాక, పిలకలు వేసే దశలో వచ్చే ముంపుకు ఇది పనికొస్తుంది. పూత మీద మునిగితే కాపాడదు. విత్తిన గింజ మొలవకముందే నీట మునిగినా కాపాడదు. నెలల తరబడి మోకాలి లోతు నీరు నిలిచే చోటికి ఇది రకం కాదు. నీరు తీసిన వెంటనే చేలోకి దిగి తొక్కకండి, ఎరువు చల్లకండి. కొత్త ఆకు కనిపించేదాకా ఆగి, మోతాదు రాగోలు పరిశోధన కేంద్రం వారినో మీ రైతు సేవా కేంద్రంలోనో అడిగి వేయండి.

మొక్కజొన్న హైబ్రిడ్ విత్తనం దాచి మళ్ళీ వేసేవారు కూడా ఈ పోగుల సంగతి గుర్తుపెట్టుకోవాలి. హైబ్రిడ్ మొక్కలో జతలోని రెండు పోగులూ వేర్వేరు వంశాలవి. అన్ని మొక్కలకూ ఒకే జతలు కాబట్టి చేను ఒకే ఎత్తున నిలుస్తుంది. దాని గింజ విత్తితే పోగులు తెగి, కలిసి, ఒక్కో గింజకు ఒక్కో రకం పంపకం జరుగుతుంది. చేనంతా ఎగుడుదిగుడు, దిగుబడి పడిపోతుంది. విత్తనం ఖర్చు మిగిల్చానన్నది కంకులు విరిచేనాటికి పోతుంది. వరిలో శ్రీకాకుళం సన్నాలు, స్వర్ణ లాంటి సూటి రకాలకు ఈ భయం లేదు. వాటిలో జతలోని రెండు పోగులూ ఒకేలా ఉంటాయి, పువ్వు తన పుప్పొడితోనే కడుతుంది. పూత దశలోను, గింజ పాలు పోసుకునే దశలోను చేలో తిరిగి కేళీలు పీకేసి, ఆ మడి వడ్లు వేరుగా నూర్చి దాచుకోవచ్చు. మూడు నాలుగేళ్ళకోసారి కొత్త విత్తనం తెచ్చుకోండి.

పార్టీ, మౌనం

యుద్ధంలో హాల్డేన్ రెండుసార్లు గాయపడ్డారు. రెండోసారి మెసపొటేమియాలో. కోలుకోవడానికి ఇండియా పంపారు. ఈ దేశం ఆయనకు నచ్చింది. తెల్లదొరగా కాకుండా సమానుడిగా ఉండగలిగే రోజు వస్తే తిరిగి రావాలనుకున్నారు. అది తీరడానికి నలభై ఏళ్ళు పట్టింది.

1923 నుంచి కేంబ్రిడ్జిలో, 1933 నుంచి లండన్ యూనివర్సిటీ కాలేజీలో పనిచేశారు. 1937లో జూలియా బెల్ అనే శాస్త్రవేత్తతో కలిసి, గాయమైతే రక్తం ఆగని జబ్బు, రంగులు గుర్తుపట్టలేని లోపం రెండూ మనిషి ఎక్స్ క్రోమోజోము మీద దగ్గర దగ్గరగా ఉన్నాయని చూపారు. మనిషి పోగు మీద రెండు గుణాల మధ్య దూరం కొలవడం అదే మొదలు. 1939లో థీటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయాక, నీటి అడుగున మనిషి శరీరం ఏమవుతుందో తెలుసుకోవడానికి తనే ఇనుప గదిలో కూర్చుని ఒత్తిడి పెంచుకుంటూ పరీక్షలు చేసుకున్నారు. వెన్ను దెబ్బతింది. తండ్రి నేర్పిన అలవాటు.

ఆయన కమ్యూనిస్టు. పార్టీ పత్రికలో మామూలు జనానికి అర్థమయ్యేలా సైన్సు వ్యాసాలు వందల కొద్దీ రాశారు. రష్యాకు ఆయనను 1928లో పిలిచింది వావిలోవ్, ప్రపంచమంతా తిరిగి పంటల విత్తనాలు పోగుచేసిన మహానుభావుడు. ఆ రష్యాలోనే లైసెంకో అనేవాడు జన్యువులు లేవన్నాడు. గింజను చలిలో ఉంచి గుణం మారిస్తే అది పిల్ల గింజకూ వస్తుందన్నాడు. ప్రభుత్వం అతన్ని నమ్మింది. వావిలోవ్‌ను 1940లో పట్టుకెళ్ళారు, 1943లో జైల్లో చనిపోయారు. 1948లో అక్కడ జన్యుశాస్త్రానికే తలుపులు మూశారు.

జన్యువుల మధ్య దూరాన్ని కొలిచిన మనిషికి లైసెంకో చెప్పేది తప్పని తెలియకుండా ఉంటుందా? అయినా హాల్డేన్ గట్టిగా ఖండించలేదు. అటూ ఇటూ కాని మాటలు చెబుతూ వచ్చారు. 1950 ప్రాంతంలో పార్టీకి దూరమయ్యారు, అదీ పెద్దగా చెప్పకుండానే. ఆయన్ని ఎంత మెచ్చుకునేవారైనా ఈ చోట తల దించుకోక తప్పదు.

లైసెంకో మాటలాంటివి మన ఊళ్ళలోనూ తిరుగుతుంటాయి. విత్తనాన్ని శుద్ధి చేస్తే, మందులో నానబెడితే ఆ పైరుకు మేలు, తప్పక చేయండి. ఆ నానబెట్టడం వల్ల గుణమే మారిపోయిందని, తరతరాలకూ దిగుబడి పెరుగుతుందని చెప్పి ఎవరైనా ఎక్కువ ధరకు గింజ అమ్మబోతే కొనకండి. నానబెట్టిన నీళ్ళు పోగు మీది రాతను తిరగరాయవు.

కలకత్తా, భువనేశ్వర్, మన కొబ్బరి

1957లో హాల్డేన్, ఆయన భార్య హెలెన్ స్పర్వే ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చేశారు. సూయజ్ మీద బ్రిటన్ దాడి చేయడం నచ్చక వెళ్ళిపోతున్నామన్నారు. మహలనోబిస్ నడిపే గణాంక సంస్థలో చేరారు. కుర్తా వేసుకున్నారు, మాంసం మానేశారు, భారత పౌరసత్వం తీసుకున్నారు.

ఇక్కడి కుర్రవాళ్ళకు ఆయన చెప్పింది ఒకటే. ఖరీదైన యంత్రాల కోసం కాచుకోవద్దు, పొలంలోకి వెళ్ళి లెక్కపెట్టండి అని. సుబోధ్ కుమార్ రాయ్ పారిజాతం పూల రేకులు లెక్కపెట్టారు, వానపాములు పైకి తెచ్చే మట్టిని తూచారు, వరి రకాలను పక్కపక్కన నాటి ఒకదాని ప్రభావం మరొకదాని మీద ఎలా ఉంటుందో చూశారు.

మన ఉద్దానం రైతులకు పనికొచ్చే పని ఆంటొనీ డేవిస్ చేశారు. కొబ్బరి మట్టలు మొవ్వు చుట్టూ మెలి తిరుగుతూ పైకి వస్తాయి. కొన్ని చెట్లకు ఆ మెలిక ఎడమకు, కొన్నిటికి కుడికి. డేవిస్ చెట్టు చెట్టుకూ కాయలు లెక్కపెట్టి, ఎడమ మెలిక చెట్లు సగటున ఎక్కువ కాస్తున్నాయని చూపారు. అయితే ఎడమ చెట్టు కాయలే విత్తితే తోటంతా ఎడమ మెలికే వస్తుందా? రాదు. ఏ చెట్టు కాయ పాతినా మొక్కల్లో దాదాపు సగం ఎడమ, సగం కుడి. కంటికి స్పష్టంగా కనిపించే గుణమే, కాని పోగు మీద రాసి లేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటలు కూల్చాక ఉద్దానంలో ఎంతోమంది మళ్ళీ మొక్కలు కొనవలసి వచ్చింది. ఇకమీదట కొనేటప్పుడైనా మెలిక చూపించి ధర పెంచితే ఇవ్వకండి. తల్లి చెట్టు ఎలాంటిదో అడగండి. నడివయసు చెట్టు, ఏడు విడిచి ఏడు కాకుండా ఏటా 80కి తగ్గకుండా కాసేది, పొట్టి గట్టి మట్టలున్నది కావాలి. పొడుగు రకాల్లో పుప్పొడి పక్క చెట్ల నుంచి వస్తుంది, తల్లి తెలుస్తుంది గాని తండ్రి తెలియదు. అందువల్ల ఒకే చెట్టు కాయల్లోనూ మంచి మొక్క, చెడ్డ మొక్క ఉంటాయి. నారుమడిలో త్వరగా మొలిచినవి, మొదలు లావుగా ఉన్నవి, ఏడాది లోపు ఆరు ఆకులు వేసినవి ఏరుకుని మిగతావి వదిలేయండి. గోదావరి గంగ లాంటి హైబ్రిడ్ చెట్టు కాయలను విత్తనానికి వాడకండి. మొక్కజొన్న కథే అక్కడా.

విజయనగరం విద్యార్థి

హాల్డేన్ కలకత్తా వచ్చిన కొత్తలో ద్రోణంరాజు కృష్ణ అనే యువకుడు ఆయనకు ఉత్తరం రాసి శిష్యుడిగా చేరాడు. పుట్టింది పిఠాపురం, డిగ్రీ చదివింది విజయనగరం మహారాజా కళాశాలలో. అతని కుటుంబంలోనే మగవారికి చెవుల మీద వెంట్రుకలు తరతరాలుగా వస్తున్నాయి. అది మగవారికే ఉండే వై క్రోమోజోము మీద ఉందని వంశవృక్షాలు గీసి 1960లో పత్రం అచ్చువేశాడు. తర్వాతి పరిశోధనలు దీన్ని అంత గట్టిగా ఒప్పుకోలేదు.

ఆంధ్రలో మేనరికాల మీద మీరాఖాన్‌తో కలిసి ఆయన చేసిన లెక్కలు మాత్రం మనకు దగ్గర సంగతి. ప్రతి మనిషిలోనూ కొన్ని చెడ్డ జన్యువులు దాగి ఉంటాయి. జతలో రెండోది మంచిదైతే బయటపడవు. మేనమామ, మేనకోడలు ఒకే పోగు ముక్కలను పంచుకుని పుట్టినవారు కాబట్టి బిడ్డకు రెండు వైపుల నుంచీ అదే చెడ్డ ముక్క వచ్చే అవకాశం పెరుగుతుంది. పెళ్ళి సంగతి మీ ఇంటి సంగతి. పశువుల విషయంలో మాత్రం మొహమాటం అక్కర్లేదు. ఊరి ఆబోతును దాని సొంత పెయ్యలకే కట్టిస్తే అదే జరుగుతుంది. మూడేళ్ళకోసారి ఆబోతును మార్చండి. సూది వేయిస్తే ఏ ఆబోతు వీర్యమో నంబరు రాసి ఉంచుకుని, దాని పెయ్యకు వేరే నంబరు అడగండి.

కలకత్తా సంస్థతో పొసగక హాల్డేన్ 1961లో బయటికొచ్చారు. ఒడిశా ప్రభుత్వం పిలిస్తే 1962లో భువనేశ్వర్ చేరి, జన్యుశాస్త్ర ప్రయోగశాల మొదలుపెట్టారు. మరుసటి ఏడు అమెరికా వెళ్ళినప్పుడు జబ్బు బయటపడింది. పెద్దపేగు చివర క్యాన్సర్. లండన్‌లో ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రి మంచం మీదే ఆ జబ్బు మీద హాస్యంగా ఒక పద్యం రాసి అచ్చుకిచ్చారు. సిగ్గుపడి దాచుకోకుండా జనం ముందే డాక్టరు దగ్గరికి వెళ్ళాలని ఆయన ఉద్దేశం. విరేచనంలో రక్తం పడితే మొలలేలే అని ఊరుకునేవారు మన దగ్గర చాలామంది. ఊరుకోకండి, చూపించుకోండి.

జబ్బు తిరగబెట్టింది. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో హాల్డేన్ చనిపోయారు. వయసు 72. తన శరీరాన్ని తగలబెట్టొద్దని, వైద్య విద్యార్థులకు ఇవ్వమని ముందే రాసిపెట్టారు. ఎంచుకున్నది కాకినాడ రంగరాయ వైద్య కళాశాల. భువనేశ్వర్ నుంచి కాకినాడ దారి ఇచ్ఛాపురం, పలాస, విజయనగరం మీదుగానే.